అంగడి రూపు, ఆహారపు తీరు



మనము ఏమి కొనవలెనో, ఏమి భుజింపవలెనో నిర్ణయించునది మన యిచ్ఛయే యని తలంతుము గాని, అంగడిని రూపొందించినవాని యోచనయు అందు పాలు పంచుకొనుచునే యున్నది.

పూర్వము అమెరికాలో ఇల్లాలు పచారీ కొట్టునకు పోయి, బల్లకు ఈవల నిలిచి, కావలసిన సరకులను చెప్పగా, గుమాస్తా పీపాలనుండి తీసి, తూచి, పొట్లము గట్టి యిచ్చెడివాడు. 1916లో మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు ‘పిగ్లీ విగ్లీ’ యను అంగడి తెరచి, ఆ బల్లను తొలగించెను. తిరుగుడు గేటు దాటి లోనికి వచ్చినవారు, మలుపులు తిరుగు ఒకే దారిన అరలన్నిటి ప్రక్కగా నడచి, ధర వ్రాసియున్న సరకులను తామే బుట్టలో వేసికొని, చివర పైకము చెల్లించి వెలుపలికి పోవలెను. ఈ యేర్పాటునకు 1917లో ఆయనకు పేటెంటు లభించెను. ఉప్పు కొనవచ్చిన ఇల్లాలి కంట బిస్కత్తులును పడసాగెను. మంచిచెడ్డలు చెప్పు గుమాస్తా లేకపోగా, డబ్బామీది బొమ్మయే ఆ పని చేయ నారంభించెను.

బుట్ట బరువెక్కినంతనే కొనుగోలు ఆగిపోవుట గమనించి, 1937లో ఓక్లహామా నగరమున సిల్వన్ గోల్డ్‌మన్ అను దుకాణదారు, మడతకుర్చీ పోలికను బుట్టలకు చక్రముల బండి చేయించెను. మొదట జనులు దానిని ముట్టుటకు సంకోచింపగా, కొందరిని కూలికి కుదిర్చి, బండ్లు త్రోయుచు అంగడిలో తిరుగునట్లు చేసెను.

నేటి సూపర్ మార్కెట్టులన్నియు ఈ రెండు కల్పనల సంతతియే. కావున, సరకుల పట్టీని ఇంటివద్దనే వ్రాసికొని పోవుట కేవలము పొదుపు గాదు, మన భోజనమును మనమే నిర్ణయించుకొనుట.