కార్జపు జలగకు సరైన పేరు

పట్టాలు అందుకుంటున్న యువ పశువైద్యులారా, ఇలాంటి వేదిక మీద జీవితాశయాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆ పని నాకన్నా బాగా చేయగలవాళ్లు చాలామంది ఉన్నారు గనుక, ఈ పూట ఆకులా పల్చగా ఉండే ఒక జీవి గురించి చెబుతాను. అది గొర్రెల కాపరులకూ గేదెల రైతులకూ తరతరాలుగా నష్టం తెచ్చిపెడుతున్న కార్జపు జలగ. దాన్ని కంటితో చూసి పోల్చుకోవడం మీకు నేర్పారు. కన్ను ఒక్కటే ఇక చాలదనీ, జన్యువుల సాక్ష్యంతో దాని పేరు తేల్చడం పశువైద్యంలో మామూలు పని కావాలనీ నా వాదన.

జలగలు పట్టిన కార్జాన్ని కోసినప్పుడు పిత్తనాళాలు గట్టిపడి, లోపల సున్నం పేరుకుని, కత్తికి గరగరమంటూ తగులుతాయి. కోసిన చోట వేలితో నొక్కితే చిక్కటి పసరుతో పాటు జలగలు జారి బయటికొస్తాయి. లిన్నేయస్ 1758లో పేరు పెట్టిన ఫాసియోలా హెపాటికా పొడవు 2 నుంచి 3 సెంటీమీటర్లు, దానికి తల కింద భుజాలు తేలి ఉంటాయి. కాబోల్డ్ 1855లో వర్ణించిన ఫాసియోలా జైగాంటికా ఒక్కోసారి 7 సెంటీమీటర్ల దాకా సాగుతుంది, భుజాలు జారినట్టుంటాయి, అంచులు దాదాపు సమాంతరంగా ఉంటాయి. మన దేశంలో మొదటిది చల్లటి కొండ ప్రాంతాలది, రెండోది చెరువులూ కాలవలూ వరిచేలూ ఉన్న మైదానాలది. తెలుగు నేల మీద మీరు ఎదుర్కొనేది ప్రధానంగా ఈ రెండోదే. ఇంతవరకు పాఠ్యపుస్తకంతో పేచీ లేదు. అయితే జలగ వయసును బట్టి, అది పెరిగింది గేదెలోనా గొర్రెలోనా అన్నదాన్ని బట్టి, ఒకే కార్జంలో ఎన్ని కిక్కిరిశాయన్నదాన్ని బట్టి, చివరికి మనం దాన్ని ఎలా నిలవ చేశామన్నదాన్ని బట్టి కూడా ఆ కొలతలు మారిపోతాయి. రెండు జాతుల మధ్య ఎటూ చెందని రూపాలు దొరికినప్పుడు కొలబద్ద చేతులెత్తేస్తుంది. పేడ పరీక్షలో కనిపించే బంగారు పసుపు గుడ్లకూ ఇదే ఇబ్బంది. సగటున జైగాంటికా గుడ్డు పెద్దదే కానీ, సగటును చూసి ఒక్క గుడ్డుకు పేరు పెట్టలేం.

ఆ ఎటూ చెందని రూపాల సంగతి తేల్చింది జన్యుశాస్త్రమే. జపాన్, కొరియా, చైనా, వియత్నాం లాంటి దేశాల్లో వీర్యకణాలు లేని జలగలు దొరికాయి. రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూస్తే మామూలు జలగ శుక్రాశయం దారపు ఉండలా వీర్యకణాలతో నిండి ఉంటుంది. వీటిలో అది దాదాపు ఖాళీగా ఉంది. అయినా ఇవి గుడ్లు పెడుతున్నాయి, ఆ గుడ్లు పొదుగుతున్నాయి, ఫలదీకరణ లేకుండానే వంశం సాగుతోంది. కార్జపు జలగకు మామూలుగా 20 క్రోమోజోములుంటే వీటిలో చాలావాటికి 30 ఉన్నాయి. కేంద్రక జన్యువులను చదివితే హెపాటికా, జైగాంటికా రెండింటి అక్షరాలూ ఒకే జీవిలో కనిపించాయి. అంటే ఇవి ఆ రెండు జాతుల సంకరం నుంచి పుట్టిన వంశాలు. ఇది పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. ఇంఫాల్, కొహిమా, గ్యాంగ్‌టక్ ప్రాంతాల్లోనూ ఇవి ఉన్నాయని 2015లో వెలువడిన పరిశోధన చూపింది. వాటి మైటోకాండ్రియా డీఎన్‌ఏ వరుస పొరుగు దేశాల జలగల వరుసతో అచ్చంగా కలిసింది, లేదా ఒకే ఒక్క అక్షరం తేడా వచ్చింది. జలగకు కాళ్లు లేవు. అది పశువు కాళ్లతోనూ లారీ చక్రాలతోనూ ఊళ్లు దాటుతుంది. సంతలో చేతులు మారే ప్రతి గేదె వెంటా దాని కార్జంలోని వంశం కూడా ప్రయాణిస్తుందని మరవకండి.

జన్యుపరీక్ష అనగానే ఒక్క జన్యువు చదివి తీర్పు చెప్పే తొందర కూడా మంచిది కాదు. మైటోకాండ్రియా తల్లి వైపు సంగతి మాత్రమే చెబుతుంది. సంకర జలగ తల్లి వంశం హెపాటికాదైతే, ఆ ఒక్క సాక్ష్యంతో మీరు దాన్ని అచ్చమైన హెపాటికా అని రాసేస్తారు. కేంద్రకంలోని ఐటీఎస్-1 అనే భాగంలో రెండు జాతులకూ తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. పీసీఆర్‌తో ఆ భాగాన్ని పెంచి, ఎంజైముతో కత్తిరిస్తే ఒక్కో జాతి ముక్కలు ఒక్కో తీరున పడతాయి. సంకరంలో రెండు తీరులూ పక్కపక్కన కనిపిస్తాయి. అయితే ఐటీఎస్ నకళ్లు కణంలో వందల సంఖ్యలో ఉంటాయి. తరాలు గడిచేకొద్దీ ఒక వైపు నకళ్లు రెండో వైపు వాటిని మింగేసి, సంకరమన్న ఆనవాలే చెరిగిపోవచ్చు. అందుకే పెప్‌సీకే, పోల్డ్ అనే ఒంటరి నకలు జన్యువులను కూడా సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. డీఎన్‌ఏ తీసేటప్పుడు గుడ్లు నిండిన గర్భాశయాన్ని వదిలెయ్యాలి. ఆ గుడ్లలో మరో జలగ వీర్యం తాలూకు డీఎన్‌ఏ కలిసి ఉండొచ్చు.

"పేరు ఏదైతేనేం, తాగించే మందు ఒక్కటేగా?" అని అనుభవజ్ఞులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దాటవేయదగింది కాదు. మందు ఒకటే కావచ్చు, తాగించాల్సిన వేళ ఒకటి కాదు. పశువులో చేరాక హెపాటికా సుమారు 10 నుంచి 12 వారాల్లో గుడ్లు పెడుతుంది, జైగాంటికాకు 13 నుంచి 16 వారాలు పడుతుంది. ఆక్సీక్లోజనైడ్ అనే మందు ఎదిగిన జలగల మీదే బాగా పనిచేస్తుంది కాబట్టి వారాల లెక్క తప్పితే రైతు డబ్బు వృథా. రెండు జాతులను మోసే నత్తలూ వేరు, ఆ నత్తలుండే నీళ్లూ వేరు. అన్నిటికన్నా బలమైన ఆధారం ఇండోనేషియా సన్నతోక గొర్రెలది. అవి జైగాంటికాను గట్టిగా తట్టుకుంటాయి, హెపాటికాకు మాత్రం లొంగిపోతాయి. పేరు తెలియకుండా తట్టుకునే గొర్రెను ఎలా ఎంచుతాం, టీకాను ఎలా పరీక్షిస్తాం? పిల్ల జలగలను కూడా చంపగల ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు 1990ల నడుమ ఆస్ట్రేలియాలో బయటపడ్డాయి, తర్వాత యూరప్‌లోనూ కనిపించాయి. ఫలదీకరణ లేకుండా పెరిగే వంశంలో అలాంటి గుణం ఒక్కసారి కుదురుకుంటే సంతానమంతటికీ దాదాపు యథాతథంగా దిగుతుందని నా భయం. మందు విఫలమయ్యాక ఆ వంశాన్ని వెతకడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఖర్చు మాటేమిటన్నది రెండో అభ్యంతరం. రెండు గేదెల మీద బతికే ఇంటిని పీసీఆర్ రుసుము కట్టమనడం అన్యాయం. ప్రతి పశువుకూ ఈ పరీక్ష అక్కర్లేదు కూడా. రోగం ఉందా లేదా చెప్పడానికి పేడను నీళ్లలో తేర్చి చూసే పాత పరీక్ష ఈనాటికీ మంచిదే, దాన్ని వదలకండి. జన్యుపరీక్ష ప్రాంతానికి సంబంధించినది. కబేళాల్లో పారేసే కార్జాల నుంచి ఏడాది పొడవునా కొన్ని జలగలు సేకరించి, ప్రభుత్వ ఖర్చుతో, విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో చదివిస్తే ఏ మండలంలో ఏ వంశం ఉందో పటం గీయవచ్చు. ఒకే ఉష్ణోగ్రత దగ్గర సాగే ల్యాంప్ లాంటి పద్ధతులతో ఖరీదైన యంత్రం అవసరం కూడా తగ్గుతోంది. మన దగ్గర కొరతగా ఉన్నది సరిగ్గా సేకరించిన నమూనా. జలగను అలవాటుగా ఫార్మలిన్‌లో పడేస్తే రూపం నిలుస్తుంది కానీ డీఎన్‌ఏ పాడవుతుంది.

కాబట్టి మీరు ఏ ఊళ్లో ఉద్యోగంలో చేరినా, మందుల బీరువాలో గాఢమైన ఆల్కహాల్ పోసిన చిన్న సీసాలు కొన్ని ఉంచుకోండి. శవపరీక్షలోనో కబేళాలోనో జలగ దొరికిన రోజున దాన్ని నీళ్లతో కడిగి అందులో వెయ్యండి. పశువేదో, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో, ఊరూ తేదీ ఏమిటో చీటీ మీద రాసి లోపలే పెట్టండి. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.