రోగపీడితులగు విద్యార్థులు - ఉపకారవేతనములు
(పుర గ్రంథాలయ వార్షిక సభయందు చదువబడిన యుపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు అనుబంధముగా బీదవిద్యార్థుల సహాయనిధి యొకటి నడచుచున్న సంగతి మీరందఱును ఎఱుగుదురు. దాని కార్యవర్గమున నేను పదునొకండేండ్లు పనిచేసితిని. నేటి సాయంకాలము ఆ నిధి నిబంధనావళిలోని యేడవ నిబంధనను గూర్చి తీర్మానమొకటి మీ యెదుటికి రానున్నది. అందుచేత నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు నేను వేఱు విషయము వెదకుకొనలేదు. దీర్ఘవ్యాధులతో బాధపడుచు కాలేజీలలో చదువుకొను బాలబాలికలకు ఉపకారవేతనములు ఎక్కడ దొరకును, ఎట్లు దొరకును, దొరికినవి యేల నిలువవు అనునదియే నా ప్రసంగవిషయము.

ఏడవ నిబంధన మీకు జ్ఞప్తి లేకపోవచ్చును. వేతనము పొందు విద్యార్థి ప్రతి పరీక్షయందును మొదటి పర్యాయముననే కృతార్థుడు కావలయుననియు, కానిచో వేతనము నిలిపివేయబడుననియు దాని భావము. దానిని వ్రాసినవారిలో నేనొకడను. వ్రాసిననాడు అది మాకు మిక్కిలి న్యాయముగ దోచినది. చందాదారుల ధనము సోమరులపాలు కాగూడదని మా యుద్దేశము. సోమరితనమునకును మంచము పట్టుటకును గల భేదము మార్కుల కాగితముపై కనబడదని మాకు అప్పుడు తోచలేదు.

నాలుగేండ్ల క్రిందట ఏజెన్సీ ప్రాంతమునుండి వచ్చి యిచ్చట బి.యస్సీ.లో చేరిన కుఱ్ఱవానికి మేము వేతనమిచ్చుచుంటిమి. అతనికి సికిల్ సెల్ అను కొడవలికణ వ్యాధి యుండెను. ఈ వ్యాధి గలవారి రక్తములోని ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, ప్రాణవాయువును ముందుకు పోనీయవు. చలి తగిలినను, ఒంటిలో నీరు తగ్గినను, జ్వరము వచ్చినను ఎముకలలో భరింపరాని నొప్పి పుట్టును. కొన్ని దినములుండి పోవును. పోయిన పిమ్మట మనిషి అందఱివలెనే తిరుగును. ఈ తిరుగుటయే అతనికి ముప్పయినది. డిసెంబరు పరీక్షలలో రెండు పత్రముల నాడు అతడు ఆస్పత్రిలో నుండెను. సంక్రాంతి తరువాత మా యెదుటికి వచ్చినప్పుడు చక్కగా నిలువబడి మాటలాడెను. మేము నిబంధన చూచితిమి, వేతనము నిలిపితిమి. ఆ జాబుపై చేవ్రాలు నాది. ఫిబ్రవరిలో హాస్టలు ఖాళీ చేసి పోయెనని వింటిమి. అతనికి దక్కవలసిన సహాయము అప్పటికే చట్టములో నున్నదని, అడుగుటయే తరువాయి యని మాలో నొక్కరికిని తెలియదు. అతనికిని తెలియదు. కాని సహాయనిధి నడుపువారము మేము.

ఈ వ్యాధి వైద్యగ్రంథములకెక్కిన కథయే ఒక విద్యార్థితో ప్రారంభమైనది. 1904లో గ్రెనడా దీవినుండి షికాగో నగరమునకు దంతవైద్యము చదువవచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అను యువకుడు ఆ సంవత్సరము డిసెంబరుననే ఆస్పత్రి పాలయ్యెను. ఐరన్సు, హెరిక్ అను వైద్యులు అతని రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి కొడవలి యాకారపు కణములను కనుగొనిరి. హెరిక్ 1910లో ప్రకటించిన వ్యాసము ఆ రోగిని గూర్చినదే. మాటిమాటికి మంచము పట్టుచునే నోయెల్ 1907లో పట్టము పుచ్చుకొని స్వదేశమునకు మరలి, 1916లో మరణించువఱకు దంతవైద్యము చేసెను. వైద్యులు కణములను జ్ఞప్తియందుంచుకొనిరి. ఆ కణములతోనే అతడు చదువు ముగించెనను మాట మనవంటి నిధులవారు జ్ఞప్తియందుంచుకొనవలసినది.

మన కాలేజీలలో నూటికి 75 వంతులు హాజరుండవలయునని సాధారణ నియమము. ఇంజనీరింగు కాలేజీలలో వైద్యుని పత్రము చూపినవారికి 65 వఱకు సడలింపు కలదు. అంతకు తగ్గినచో ఆ తరగతిలోనే నిలిచిపోవలయును. ఇప్పుడొక చిన్న లెక్క వేయుడు. మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ సాధారణముగా వారమునకు మూడుమాఱులు, మాఱునకు నాలుగు గంటలు జరుగును. ఆఱుదినముల వారములో మూడు దినములు ఆస్పత్రిలో పోయినచో, మిగిలిన మూడు దినములు ఒక్క గంటయైనను తప్పక కూర్చున్న విద్యార్థికిని 50 వంతులు మించవు. సడలింపు సైతము అతనిని అందుకొనజాలదు. థలసీమియా గల బాలికకు రెండు మొదలు నాలుగు వారముల కొకమాఱు రక్తమెక్కింపవలయును. పరీక్షకొక దినము, ఎక్కించుటకొక దినమనుకొన్నచో మూడు వారముల పదునెనిమిది దినములలో రెండు పోవును. 89 వంతులు మిగులును. బాగుగనే యున్నదందురు. అందులో ఒక జ్వరమును, రక్తనిధిలో రక్తము దొరకక తిరిగిన ఒక వారమును కలిపిచూడుడు. హాజరు పోయినచో పరీక్ష పోవును, పరీక్ష పోయినచో వేతనము పోవును, వేతనము పోయినచో ఊరికి బస్సెక్కుటయే. ధనము లేక చదువు మానినవానికంటె, దినములు చాలక మానినవాడు మనకు కనబడుట అరుదు.

ఇక దొరకు సహాయముల మాట. 1995 నాటి వికలాంగుల చట్టమున ఏడు విధముల వైకల్యములే యుండెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున అవి ఇరువదియొకటి యైనవి. హీమోఫీలియా, థలసీమియా, కొడవలికణ వ్యాధి అను మూడు రక్తవ్యాధులును, దీర్ఘకాలిక నరముల వ్యాధులును అందులో చేరినవి. ఈ చట్టముననుసరించి నూటికి 40 వంతులకు తగ్గని వైకల్యము గలవారికి ప్రభుత్వ ఉన్నతవిద్యాలయములలోను, ప్రభుత్వ సహాయము పొందు వానిలోను 5 శాతమునకు తగ్గని స్థానములును, వయఃపరిమితిలో అయిదేండ్ల సడలింపును కలవు. కేంద్రప్రభుత్వపు పోస్టుమెట్రిక్ ఉపకారవేతనము కుటుంబాదాయము ఏటికి 2,50,000 రూపాయలు మించని వారికి. ఏ.ఐ.సి.టి.ఇ. వారి 'సక్షమ్' వేతనము డిప్లొమా, డిగ్రీ సాంకేతికవిద్య చదువువారికి ఏటికి 50,000 రూపాయలు. దీనికి ఆదాయపరిమితి 8 లక్షలు. రెండింటికిని దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే చేయవలయును.

ఇన్నింటికిని తాళపుచెవి యొకటే: వైకల్యధ్రువపత్రము. మనవైపు జనులు 'సదరం' అనుచున్న పరీక్షయు, యు.డి.ఐ.డి. కార్డును ఇవియే. కాలు లేనివానిని చూచినంతనే వైద్యుడు గ్రహించును. రక్తములో రోగమున్నవాడు శిబిరమునాడు నవ్వుచు నడచివచ్చును! నొప్పికి నూటికిన్ని వంతులని కొలత వేయుట యెట్టి పనియో వైద్యులే చెప్పవలయును. అందుచేత వెళ్లువారు తమ ముఖమును నమ్ముకొనక కాగితములను నమ్ముకొనవలయును. ఆస్పత్రినుండి విడుదలయైనప్పుడిచ్చిన ప్రతి పత్రమును, రక్తమెక్కించిన తేదీల పట్టికను, పరీక్షల ఫలితములను వరుసగా కూర్చి కొనిపోవలయును. వానిని చిత్తుకాగితములవలె పాఱవేయు కుటుంబములు మనలో అనేకములు. ఆధారు కార్డులో నొక విధముగను, పదవతరగతి పత్రములో నొక విధముగను పేరుండుటచే వెనుకకు వచ్చు దరఖాస్తులకు లెక్కలేదు. మఱియొక సంగతి. విద్యార్థి తన దరఖాస్తు పంపినంతమాత్రమున పని తీరదు. కాలేజీలో అందుకు నియమింపబడిన యుద్యోగి దానిని సరిచూచి ముందుకు పంపవలయును. గడువు దాటువఱకు అది అచ్చటనే నిద్రించినచో దోషము ఎవరిదైనను నష్టము విద్యార్థిది.

ధ్రువపత్రమునకు అన్నింటికంటె పెద్ద యడ్డంకి ప్రభుత్వ కార్యాలయములో లేదు, మన యిండ్లలోనే యున్నది. రోగమును దాచుదుము. ఆడుపిల్ల యైనచో మఱింత దాచుదుము. పెండ్లి సంబంధములు తప్పిపోవునని భయము. కార్డుపై రోగము పేరు అచ్చయినచో బంధువులేమందురో యని, అర్హత గల వేతనమును వదలుకొని, వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రిని నేనెఱుగుదును. ఆయనను నేను నిందింపను. ఆ బంధువులలో మనమును ఉన్నాము.

కొడవలికణ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలయునని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని షాడోల్‌లో ఒక మహాకార్యక్రమమును ప్రారంభించి, నలుబదియేండ్లలోపు వారిని 7 కోట్ల మందిని పరీక్షింప నుద్దేశించినది. మంచిదే. కాని రోగమున్నదని తెలుపు కార్డు వేఱు, వేతనమునకు చెల్లు ధ్రువపత్రము వేఱు. ఈ భేదము తెలియక మొదటి కార్డు పట్టుకొని కాలేజీకి పోయి చిన్నబోవువారుందురు.

మఱి ఆ ఇరువదియొకటిలో లేని రోగముల మాటయేమి? మూత్రపిండముల వ్యాధి అందు లేదు. బాల్యముననే సంక్రమించి జీవితాంతము ఇన్సులిన్ కోరు మధుమేహము లేదు. కీళ్లజ్వరమువలన చెడిన గుండె లేదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడితోటల నడుమ ఈ మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను కూల్చినదో తెలుగువారికి చెప్పనక్కఱలేదు. పలాసలో 2023 డిసెంబరున రెండువందల పడకల ఆస్పత్రియు, పరిశోధనాకేంద్రమును తెరువబడినవి. డయాలిసిస్ చేయించుకొనువారికి 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పింఛనును నెలకు 10,000 రూపాయలు చేసినది. పింఛను ప్రాణము నిలుపును. అదే రోగి పందొమ్మిదేండ్ల విద్యార్థి యైనచో, అతని చదువు నిలుపుటకు రోగము పేర ఏ వరుసలోను చోటులేదు. తండ్రి డయాలిసిస్‌లో నుండగా కూలికి పోవుటకు కాలేజీ మానిన కొడుకును ఏ వరుసలో నిలుపుదుము?

చట్టము చేయిచాపని చోట న్యాయస్థానము కొంత త్రోవ చూపినది. వ్రాయబూనినప్పుడు చేయి బిగిసిపోవు నరములవ్యాధి గల అభ్యర్థి యొకడు తనకు వ్రాయసకానిని ఈయవలయునని కోరగా, 40 వంతుల వైకల్యము లేదను కారణముచే నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్‌కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కొలతకు తగ్గినవానికిని తగిన సర్దుబాటు పొందు హక్కు కలదని దాని సారము. ఈ మాట వ్రాయసకాని విషయమున చెప్పబడినదే. హాజరు విషయమున, వేతనము విషయమున దానిని పాటించుటకు మనవంటి చిన్న నిధికి ఏ కోర్టు ఆజ్ఞయు అక్కఱలేదు.

చిన్న నిధులను తక్కువగా తలపకుడు. వారములు చెప్పుకొని, సోమవారమొక యింట మంగళవారమొక యింట భుజించి చదివినవారి మనుమలము మనము. ఆనాడు జ్వరముతో భోజనమునకు రాని బాలునికి ఆ యింటి యిల్లాలు వచ్చే వారము తలుపు మూసినదని నేను వినలేదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను స్ప్రూ అను ప్రేగువ్యాధి బలిగొన్నది. ఆయనను సైతము అది పట్టగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు పాత్రుడై ఎం.బి.బి.ఎస్.కు బదులు చిన్నపట్టము పొందిన ఆ రోగికి, సాగరము దాటుటకు మామగారు కూర్చిన ధనమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ వాగ్దానమును ఆధారమైనవి. అమెరికాలో రాత్రులు ఆస్పత్రి కూలిపని చేసియు ఆయన చదివిరి. 1945లో ఆయన నాయకత్వమున కృత్రిమముగా తయారైన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ వ్యాధికే మందైనది. వైద్యకళాశాలలో మంచమెక్కిన దినములను లెక్కించి మనవంటి కార్యవర్గమెవరైన ఆయనను త్రోసివేసియుండినచో, నేడీ మాట చెప్పుకొనుటకు మనకు అవకాశముండెడిది కాదు.

తీర్మానము ఇట్లున్నది. వైద్యుని పత్రముండి పరీక్ష తప్పినవారికి వేతనము ఆగదు; మరుసటి పర్యాయము వఱకు యథాప్రకారము చెల్లును. ఒక సంవత్సరము చదువు నిలిపినను తిరిగి చేరినప్పుడు క్రొత్త దరఖాస్తు కోరబడదు. చట్టములోని పట్టిక మన నిధిని బంధింపదు; ఏ దీర్ఘవ్యాధి యైనను చెల్లును. రోగము పేరు కార్యదర్శికి తప్ప కార్యవర్గములో నితరులకు తెలుపబడదు. ఫీజుతోపాటు ఆస్పత్రికి పోయివచ్చు బస్సుకూలి యీయబడును. ధనము చాలదని కొందఱు మిత్రులు చెప్పుచున్నారు. నిజమే, ఎనమండుగురికిచ్చునది ఆర్గురికే యగును. ఈ నష్టమును దాచి మీ సమ్మతి కోరుట నాకిష్టములేదు.

రేపటినుండి ప్రతి ఆదివారము ఉదయము పఠనమందిరపు తూర్పుగదిలో ఇద్దఱు యువకులు కంప్యూటరుతో కూర్చుండి, సదరమునకును వేతనములకును దరఖాస్తులు ఉచితముగా నింపిపెట్టుదురు. ఆధారు, పదవతరగతి పత్రము, ఆదాయపత్రము, బ్యాంకుపుస్తకము, ఆస్పత్రి కాగితములు తెచ్చుకొనవలయును. ఏజెన్సీ కుఱ్ఱవాని పాతవిలాసమునకు గడచిన నెలలో జాబు వ్రాసితిని. ప్రత్యుత్తరము రాలేదు. ఆ వైపు ఊళ్లకు పోయివచ్చువారెవరైన ఈ సభలో నున్నచో, సభానంతరము నన్ను కలిసికొనవలయునని ప్రార్థించుచున్నాను. ఇక తీర్మానమును కార్యదర్శిగారు చదువుదురు.