విశాఖపట్టణమునకు పోవు ముందు
(షోళింగనల్లూరు తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ వేసవి సెలవులలో పిల్లలను విశాఖపట్టణమునకు తీసికొనిపోవలెనని మనలో కొన్ని కుటుంబములవారు సంకల్పించినారు. “కాలువ దాటినచో మనకును సముద్రమే గదా, అంతదూరమెందుకు?” అని ఒక పెద్దాయన అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మనకు తూర్పున బకింగ్‌హాం కాలువ, దానికావల బంగాళాఖాతము. విశాఖలో నున్నదియు ఆ సముద్రమే. కాని మన తీరము చాప పరచినట్లుండును. అక్కడ కొండలు నీటి అంచువరకు దిగివచ్చినవి. ఈ కాలువ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: ఒకప్పుడు ఇది పెదగంజాము వద్ద కృష్ణా కాలువలతో కలిసి కాకినాడవరకు పడవదారిగా నుండెడిది. నేడు రైలే దిక్కు. దూరము సుమారు 780 కిలోమీటర్లు. సాయంకాలము బయలుదేరినచో మరునాటి ఉదయమునకు చేరవచ్చును.

వర్తకుడనగుటచే నా చూపు రేవుమీదనే నిలిచినది. డాల్ఫిన్ నోస్ అను కొండ చాటున ఆ రేవు అమరియున్నది. దానిని నిర్మించునపుడు అలల తాకిడి నాపుటకు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, అక్కడనే ముంచి, అడ్డుకట్టగా చేసిరి. 1933లో రేవు తెరువబడినది. 1948 మార్చిలో ‘జల ఉష’ అను ఓడకు నెహ్రూగారు జలప్రవేశము చేయించినది అక్కడి ఓడల కర్మాగారమందే. రేవు కెదురుగా మూడు గుట్టలమీద వేంకటేశ్వరాలయము, దర్గా, మేరీమాత చర్చి వరుసగా నిలిచియున్నవి.

సముద్రతీరమున ‘కుర్సురా’ జలాంతర్గామి కలదు. 1971 యుద్ధకాలమున పనిచేసిన ఆ నౌకను 2002లో ప్రదర్శనశాలగా మార్చిరి. పిల్లలు దానిలోపల ఈ కొననుండి ఆ కొనకు నడచి చూడవచ్చును. రామకృష్ణా బీచిలో మాత్రము వారిని స్నానమునకు దింపకుడు. అక్కడి సముద్రము మనిషిని లోనికి లాగును.

సింహాచలమునకు తప్పక పోవలెను. స్వామి సంవత్సరమంతయు చందనముచే కప్పబడియుండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూప దర్శనమిచ్చును. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి సమర్పించిన కానుకలు అక్కడ తెలుగు శాసనమున చెక్కబడియున్నవి.

నా మనవి ఇచ్చటనే. శాసనలిపిని పండితులకు విడిచిపెట్టుదము. బస్సుమీద ‘గాజువాక’ అనియో ‘భీమిలి’ అనియో వ్రాసియుండగా, దానిని చదువగల పిల్లలు మన ఇండ్లలో ఎందరు? 2006 చట్టము ననుసరించి మన రాష్ట్రపు బడులలో తమిళము విధిగా నేర్పుచున్నారు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. కాని తెలుగు అక్షరము చాలమట్టుకు ఇంటివారి బాధ్యతగా మిగిలినది. ఇంటిలోనో, మాట యున్నది గాని వ్రాత లేదు. మన మాటలో అరవ యాస యున్నదని అక్కడివారు నవ్వినచో చింతింపనక్కరలేదు. వారును ‘ఏమిటి’ అనుటకు ‘ఏటి’ అందురు. అక్షరము రానిచో మాత్రము మన పిల్లవాడు తెలుగు పట్టణమున దారి అడుగుకొను పరదేశియే.

కావున రైలు టిక్కెట్లు కొనుటకు ముందే, వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు పిల్లలను ఇచ్చటికి పంపుడు. పెద్ద బాలశిక్షలు, పలకలు నా అంగడినుండి వచ్చును. బోధించుటకు ఇద్దరు తల్లులు ఒప్పుకొనిరి. మరి ఇద్దరు కావలెను. పేర్లు ఈ సభ ముగియులోపల చెప్పగోరుచున్నాను.