రైలు గడియారమూ, పంచాంగం ఘడియా
(ముంబయి ఉగాది సభలో చేసిన ప్రసంగం)

పంచాంగ శ్రవణం అయింది, విస్తళ్ళు వేసేలోగా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ గట్టెక్కి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన గడియారం సంగతే మనవి చేస్తాను.

ఒకప్పుడు ఈ నగరంలో రెండు కాలాలు నడిచేవంటే నమ్ముతారా? ఊళ్ళో గడియారం పది కొడితే రైలు గడియారంలో పదిన్నర! రైళ్ళు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. 1792లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసులో కట్టిన వేధశాలలో చుక్కలను చూసి కాలం నిర్ణయించి, తంతి ద్వారా అందించేవారు. పొద్దు ముందు పొడిచేది అక్కడే గనుక వారి గడియారం అరగంట ముందుండేది. ఇంటి గడియారాన్ని నమ్మి తాపీగా వచ్చినవాడికి పట్టాలే దర్శనమిచ్చి ఉంటాయి. ఆనాటి గుమాస్తాలు ఎన్ని తిట్లు తిన్నారో పాపం!

ఆ వేధశాలలోనే చింతామణి రఘునాథాచారిగారు పనిచేశారు. పంచాంగకర్తల వంశం వారిది. 1867లో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక చుక్కను కనిపెట్టారు. దృగ్గణిత పంచాంగమూ వేశారు.

1881లో గవర్నరు జేమ్స్ ఫెర్గూసన్ మద్రాసు కాలాన్ని బొంబాయికి అంటగట్టబోతే జనం ఒప్పుకోలేదు. 1883లో వెనక్కు తగ్గారు. 1906 జనవరి 1 నుంచి దేశానికంతా ఒకే కాలం వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ పాత కాలాన్ని వదలలేదు.

ఆ ఒకే కాలానికి ఆధారం 82½ డిగ్రీల రేఖాంశం. అది మన కాకినాడకు చేరువగా పోతుంది. అంటే, కాపురం ముంబయిలో ఉన్నా, మన చేతికి కట్టుకున్నది దాదాపు కాకినాడ కాలమేనన్నమాట!

దీనితో వచ్చిన చిక్కు మా చెల్లెలి పెళ్ళిలో చూశాను. మగపెళ్ళివారిది కాకినాడ ప్రాంతం. తెల్లవారుజామున ముహూర్తం. వరుడి పెదనాన్నగారు తమ ఊరి పంచాంగం విప్పి, "లగ్నం దాటిపోతోంది, జీలకర్ర బెల్లం పెట్టించరేం?" అని కేకలు. మా సిద్ధాంతిగారేమో, "లగ్నం ఇంకా రానేలేదు, కూర్చోండి బాబూ" అంటారు. ఇద్దరి గడియారాలూ ఒకే టైము చూపిస్తున్నాయి! "మాకు ఈ సంబంధమే వద్దు" అనేదాకా వచ్చింది. మా నాన్నగారి మొహాన నెత్తురుచుక్క లేదు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

శుభలేఖ వెనకే లెక్క వేసి చూపించాను. డిగ్రీకి 4 నిమిషాలు. కాకినాడకూ ముంబయికీ తొమ్మిది డిగ్రీల పైచిలుకు. అంటే సుమారు 37 నిమిషాలు, ఒకటిన్నర ఘడియ. అక్కడ పొద్దు పొడిచిన అంతసేపటికిగాని ఇక్కడ పొడవదు. లగ్నమూ దాదాపు అంతే.

"లగ్నం కాకినాడలో బయలుదేరింది మామయ్యగారూ, మన స్టేషనుకు ఇంకా రాలేదు" అన్నాను. పెద్దాయన ఒక నిమిషం నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వారు. ఆ అరగంటా ఆయనకు కాఫీలు అందించే పని నాకే పడింది.

ఇంటికి వెళ్ళాక మీ పంచాంగం తీసి, ఏ ఊరికి గణించారో చూసుకోండి. కాకినాడలో సూర్యోదయం తరువాత పాడ్యమి ఒక్క ఘడియే మిగిలిన ఏడు, మనకు పొద్దుపొడిచేసరికి విదియ వచ్చేసి ఉంటుంది. అప్పుడు ఉగాది పచ్చడి ఏనాడు తినాలన్నది సిద్ధాంతిగారు తేల్చాలి. గుమాస్తా చెబితే చెల్లదు.

అదుగో, విస్తళ్ళు వేస్తున్నారు. సెలవు.