స్వప్నచిత్రము – సభాభేదము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శి గారు కోరిరి. గ్రంథాలయ మహిమను గూర్చి పెద్దలు ఇదివరకే చెప్పియున్నారు. నేను లెక్కల పుస్తకములు వ్రాసి జీవించువాడను. సాయంకాలములందు ఈ బీరువాలలోని భారత భాగవతములను, వేదాంత గ్రంథములను గురుముఖము లేకయే చదువుకొనినవాడను. కావున పాండిత్యము ప్రకటింపబూనక, ఇటీవల మన యూర ఇంటింట వాదమునకు విషయమైన యొక సంగతిని ఎత్తుకొనుచున్నాను.

గత మాఘమాసమున ఈ మందిరమున ఒక బొమ్మల చలనచిత్రము ప్రదర్శింపబడినది. దానిని మెచ్చినవారును, నిందించినవారును నేటికిని సమాధానపడలేదు. నెలనెలా జరుగు చిత్రప్రదర్శనమునే మానివేయవలెనను తీర్మానము ఇప్పుడు కార్యవర్గము ముందున్నది. తీర్పు చెప్పుటకు ముందు ఉభయపక్షముల మాటలను ఒకే పుటపై ఎదురెదురుగా వ్రాసి చూచుట మా వృత్తి ధర్మము. ఆ పనియే నేడు చేసెదను.

ఆ చిత్రము పేరు ‘వేకింగ్ లైఫ్’. మేలుకొనియున్న బ్రతుకు అని తెలుగున చెప్పుకొనవచ్చును. అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన రిచర్డ్ లింక్‌లేటర్ అను దర్శకుడు దీనిని తీసెను. 2001వ సంవత్సరము జనవరి మాసమున సండాన్స్ చలనచిత్రోత్సవమున ఇది తొలిసారి ప్రదర్శింపబడినది. మన గ్రంథాలయమునకును ఈ చిత్రమునకును ఇంచుమించు ఒకే వయస్సు.

దీని నిర్మాణము విచిత్రమైనది. ముందుగా నిజమైన మనుష్యులను నిజమైన వీథులలో చిన్న వీడియో కెమెరాలతో చిత్రించిరి. పిమ్మట బాబ్ సబిస్టన్ అను నిపుణుడు కల్పించిన కంప్యూటరు సాధనముతో, ముప్పదిమంది వరకు చిత్రకారులు ఆ మనుష్యుల రూపములపై గీతలు గీసి రంగులు పూసిరి. తీసిన బొమ్మపై గీత గీయు విద్య క్రొత్తది కాదు. మాక్స్ ఫ్లైషర్ అను నాతడు దానిని కల్పించి, 1917లోనే హక్కుపత్రము పొందెను. అయితే ఇందు ఒక్కొక్క ఘట్టమును ఒక్కొక్క చిత్రకారుడు తన తన రీతిని వ్రాయుటచే, గోడలు రేవున కట్టిన పడవలవలె ఊగుచుండును. ముఖములు నిలిచినచోట నిలువవు. సామర్లకోట చెంత మాధవపట్నమువారి తోలుబొమ్మలాట చూచిన పెద్దలకు ఈ అనుభవము కొంత తెలియును. తెర వెనుక దీపము కదలిన, కదలని బొమ్మయును ఊపిరి పీల్చినట్లు తోచును గదా!

కథ యనదగినది స్వల్పము. ఒక యువకుడు ఊరు చేరును. పడవ ఆకారముగల కారులో అతనిని ఎక్కించుకొని ఎక్కడనో దింపుదురు. దారిలో పడియున్న కాగితమును చదువుచుండగా ఒక కారు వచ్చి అతనిని కొట్టును, అంతలో మేలుకొనును. మేలుకొంటినని తలంచునే గాని, అదియును కలయే. మరల మేలుకొనును, అదియును కలయే. ఆ కలలలో అతనికి పలువురు తారసపడుదురు. ఒక ఆచార్యుడు మనుష్యుని బాధ్యతను గూర్చి చెప్పును. వేరొకడు ఇచ్ఛాస్వాతంత్ర్యమును గూర్చి తర్కించును. మరియొకడు కలయో నిజమో తెలియుటకు దీపపు మీట నొక్కి చూడుమని బోధించును, ఏలయన కలలో మీట నొక్కినను వెలుతురు మారదట. యువకుడు నొక్కును; వెలుతురు మారదు. తుదకు అతడు నేలవిడిచి ఆకాశమునకు తేలిపోవును. అతడు బ్రతికియున్నాడో, మరణించెనో చిత్రము చెప్పదు.

ఇట్టి చిత్రము ఎచ్చటను ఏకాభిప్రాయము పొందలేదు. షికాగో పత్రికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి నాలుగింట నాలుగు నక్షత్రములిచ్చి, పిదప తన మహాచిత్రముల వరుసలో చేర్చెను. ఇది చిత్రము కాదు, కళాశాల వసారాలో వినబడు పొడిమాటల మూటయని విసిగినవారును, ఊగు గోడలకు తల తిరిగినదని లేచిపోయినవారును ఆ దేశమున ఉన్నారు. కనుక మన యూర జరిగినది మన యూరి తెలివితక్కువ కాదు.

ఇచ్చట ఏమి జరిగినదో రానివారి కొరకు చెప్పెదను. విదేశమున ఉద్యోగము చేయుచు సెలవునకు వచ్చిన మన యూరి యువకుడొకడు చిత్రమును తెచ్చెను. సంభాషణలు ఆంగ్లమున సాగుటచే, విశ్రాంత ఉపాధ్యాయులొకరు నడుమ నడుమ ఆపించి తెలుగున వివరించిరి. సగము గడువకముందే వెనుక వరుసలు పలుచబడినవి. ముగిసిన పిమ్మట మిగిలినవారి నడుమ వాదము రేగినది. చదివినవారు మెచ్చిరి, చదువనివారు మెచ్చలేదు అని కొందరు ఊర చెప్పుచున్నారు. అది సత్యము కాదు. పోటీ పరీక్షలకు చదువుకొను కుర్రవాడే మొదట విసిగి, “ఇంతసేపూ మాటలేగానీ కథేదండీ? చివరికి తేల్చిందేమిటి?” అనెను. ఆ కోపము న్యాయమైనదే. కాలము వెచ్చించినవాడు ఫలమడుగును.

అతని పిమ్మట కొబ్బరి దింపు తీయు నాతడొకడు లేచి, గోడకు ఆనుకొనియే చెప్పిన మాట నాకు చిరకాలము జ్ఞాపకముండును. “ఆయ్, కలైతే పడినా లేచి కూర్చుంటామండి. చెట్టుమీంచి జారితే లేస్తామా బాబుగారూ? ఇది కలేమోనని అనుమానం పెట్టుకుని నేను చెట్టెక్కలేను.” సభ నవ్వినది. అతడు నవ్వలేదు.

అప్పుడు ముందు వరుసలోనున్న మామ్మగారొకరు మాటలాడిరి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి మన సీమను ముంచిన తుపానులో ఆమె భర్త పోయెను. ఆమె ఇట్లనిరి: “ఆయన ఇప్పటికీ కలలోకి వస్తారు నాయనా. పోయారని ఆ కలలోనే నాకు తెలుసు. అయినా అన్నం వడ్డిస్తాను. మెలకువ వస్తే ఎదర ఎవరూ ఉండరు. ఆ బొమ్మ కుర్రాడికీ అంతేగా, ఎన్నిసార్లు లేచినా తెల్లవారదు. మన సంగతి వాళ్ళకెలా తెలిసింది?” తుపాను మాట వినగానే ఆ దింపు కార్మికుడు వాదము మాని నేలపై కూర్చుండెను. అతడేమి తలంచెనో నేనడుగలేదు.

మహాజనులారా! ఈ ఇరువురును శాస్త్రములు చదువలేదు. కాని వారి మాటలు రెండును మన శాస్త్రములలో నున్నవి. మాండూక్యోపనిషత్తు పండ్రెండు మంత్రముల చిన్న గ్రంథము. జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి, ఈ మూడింటికిని అతీతమగు తురీయము అని అది నాలుగు దశలు చెప్పును. దానిపై గౌడపాదాచార్యులు కారికలు రచించిరి. అందు రెండవ ప్రకరణమున, కలలో కనబడు వస్తువులకును మెలకువలో కనబడు వస్తువులకును తుదకు భేదము లేదని వారు వాదించిరి. కలలోని అన్నము మెలకువలో ఆకలి తీర్చదందువా, మెలకువలో కడుపార భుజించినవాడును కలలో ఆకలిగొనును గదా యని వారి తర్కము. మామ్మగారి వడ్డన ఈ వైపునది.

ఆ గౌడపాదులకు ప్రశిష్యులని సంప్రదాయము చెప్పు శంకర భగవత్పాదులే, బ్రహ్మసూత్ర భాష్యమున వేరొక సందర్భమున, మెలకువ కలవంటిది కాదని గట్టిగా చెప్పిరి. బయట వస్తువులు లేవు, ఉన్నది తెలివి యొక్కటే యను బౌద్ధులతో వాదించుచు, కలలో చూచినది మేలుకొనగానే బాధితమగును, మెలకువలో చూచిన స్తంభము అట్లు బాధితము కాదు అని వారు విడదీసిరి. దింపు కార్మికుడు స్తంభమునకు మారు కొబ్బరిచెట్టు చెప్పెను, అంతియే భేదము. గురువంశమున ఒకే పరంపరలోనివారి గ్రంథములే సందర్భమును బట్టి రెండు తీరుల పలుకుచుండగా, మన మందిరమున రెండు పక్షములేర్పడుట అపచారమెట్లగును?

మనకు పడమట పారు గోదావరి పాయకు వశిష్ఠ యని పేరు. ఆ మహర్షి రామునకు చెప్పినట్లు ప్రసిద్ధమైన వాసిష్ఠమును 15వ శతాబ్దమున తెనిగించిన కవి మడికి సింగన. ఆ ఇంటిపేరుగల గ్రామము మన ఆలమూరు మండలముననే యున్నది. వాసిష్ఠమున లవణ మహారాజు కథ గలదు. కొలువులో నొక ఐంద్రజాలికుడు నెమలికుంచె త్రిప్పగా రాజు కొంతసేపు నిశ్చేష్టుడయ్యెను. ఆ కొద్ది సమయములోనే గుఱ్ఱమెక్కి అడవికి పోయి, చండాలకన్యను పెండ్లియాడి, బిడ్డలను గని, కరవున కడగండ్లుపడి, అగ్నిలో దుముకబోవుచు మేలుకొనెను. సభ చూచునప్పటికి సింహాసనము కదలలేదు.

ఇతర స్వప్నకథలు ఇచ్చట ముగియును. లవణుని కథ ముగియదు. మరునాడు రాజు ఆ అడవిని వెదకుచు బయలుదేరెను. వెదకి, కలలో తాను నివసించిన పల్లెను కనుగొనెను. అచ్చట అల్లుని, కూతురిని, మనుమలను తలంచుకొని ఏడ్చుచున్న వృద్ధురాలిని కనుగొని ఓదార్చి వివరమడిగెను. ఇది ఎట్లు సంభవమను వేదాంతమును వశిష్ఠుడు చెప్పును. నాకు ముఖ్యమైనది రాజు గడప దాటుట. కలలో కట్టుకొనిన బంధమునకు మేలుకొనిన పిదప తాను జవాబుదారుడనని అతడు తలంచెను.

ఈ కొలతతో కొలిచిన నా అభిప్రాయము చెప్పవచ్చును. అమెరికా చిత్రమున యువకుడు వినునే గాని ఎవరి కొరకును గడప దాటడు. మాటలాడువారిలో పెక్కురు తీరిక గలవారు. పొలము పనియు, వంటయు, అప్పును అందు కనబడవు. ఇది లోపమే. కుర్రవాని విసుగునకును, దింపు కార్మికుని ప్రశ్నకును ఆ చిత్రమున సమాధానము లేదు. అయినను అందొక ఘట్టమున్నది. మెట్లపై ఒకరినొకరు రాచుకొనిన యువతీ యువకులు క్షమాపణ చెప్పుకొని విడిపోవుదురు. అంతలో ఆమె ఆగి, చీమలవలె తాకి తప్పుకొనుటతో సరిపెట్టుకొనజాలను, నిజముగా మాటలాడుకొందమని కోరును. ఆ రాత్రి మన మందిరమున జరిగినది అదియే. ఏండ్ల తరబడి ఒకే వీథిని నడచుచు పలుకరింపుతో సరిపుచ్చుకొనినవారు, ఒకరి ప్రాణభయమును ఒకరి దుఃఖమును ఎదుటపడి వినిరి. చిత్రము చేయని పనిని చూచినవారు చేసిరి.

ఇక తీర్మానమునకు వత్తును. ప్రదర్శనము మానవలెననువారు మూడు కారణములు చూపుచున్నారు: వ్యయము, కలహము, పరీక్షల పుస్తకముల కొరత. జమాఖర్చు పుస్తకము నా చేతిదే గనుక మొదటిదానికి నేనే జవాబు చెప్పవలెను. ప్రదర్శనమునకు తగులునది విద్యుత్తు ఖర్చే. తెరయును యంత్రమును విరాళముగా వచ్చినవి. పరీక్షల పుస్తకముల నిధి వేరు పద్దు. దానినుండి ఒక రూపాయియును ఇటు రాలేదు. ఇక కలహమందురా, మన బీరువాలో కారికలును సూత్రభాష్యమును ఒకే అరలో నున్నవి. వాదించుకొను పుస్తకములను ఒకచోట ఉంచుటయే గ్రంథాలయమనిన, వాదించుకొను మనుష్యులను ఒకచోట కూర్చుండబెట్టుట దానికి విరుద్ధము కాదు. 1935లో పాతూరి నాగభూషణము గారు కాలువపై పడవలో పుస్తకములు నింపి ఊరూర త్రిప్పిరి. ఏ రేవున ఏ పాఠకుడు ఏ పుస్తకమును మెచ్చునో ముందు తెలిసికొని బయలుదేరలేదు.

అయితే విసిగినవారి మాటయును పద్దున చేరవలెను. కావున మూడు నియమములు ప్రతిపాదించుచున్నాను. ఒకటి, చిత్రమెట్టిదో వారము ముందుగా పలకపై వ్రాయవలెను. కథ కోరువారు మోసపోరాదు. రెండు, పరభాషా చిత్రమైనచో సారమును ముందే తెలుగున చెప్పవలెను గాని నడుమ ఆపరాదు. మూడు, ముగిసిన పిమ్మట అరగంట చర్చ జరిపి, మెచ్చినవారి మాటను, మెచ్చనివారి మాటను ఒక పుస్తకమున ఎదురెదురు పుటలలో వ్రాసి, ఎల్లరకును చదువుటకు బల్లపై నుంచవలెను.

ఆ పుస్తకమును నా స్వంత ఖర్చుతో కుట్టించి తెచ్చియున్నాను. కార్యవర్గము అంగీకరించినచో, వారి అనుమతి పొంది, ఎడమ పుటపై దింపు కార్మికుని మాటను, కుడి పుటపై మామ్మగారి మాటను నేనే వ్రాసెదను. క్రింద మొత్తము వేయను. ఆ లెక్క చదువరులది.