క్లస్టర్ బాంబులు: మూతపడని ఫైలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో నాకు కేటాయించే కొద్ది నిమిషాలలో డి.ఎ. బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడుతూ వచ్చాను. ఈసారి క్లస్టర్ బాంబుల గురించి మాట్లాడతానని చెబితే కార్యదర్శిగారు, "వాటికీ మనకూ ఏమిటండీ సంబంధం?" అని అడిగారు. ఆయన అడిగినది సబబే. నేను సర్వీసంతా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, అందులో చాలా కాలం రికార్డుల సెక్షన్‌లోనే గడిపినవాణ్ణి. తుపాకి పట్టుకుని ఎరుగను. కాని ఈ బాంబుల గురించి చదివిన కొద్దీ ఇది చాలా మేరకు రికార్డుల కథ అని నాకు అర్థమైంది. అందుకే మీ ముందుంచుతున్నాను.

ముందుగా క్లస్టర్ బాంబు అంటే ఏమిటో మనవి చేస్తాను. దానిమ్మకాయను తలచుకోండి. పైన ఒకటే తొక్క, లోపల వందల గింజలు. ఈ బాంబు కూడా అంతే. విమానం నుంచి వదిలినా, ఫిరంగితో పేల్చినా, గాలిలో ఉండగానే పై తొడుగు విచ్చుకుంటుంది. లోపలి చిన్న బాంబులు ఎకరాల కొద్దీ మేర చెదిరి పడతాయి. గురి పెట్టిన చోట పడేవి కొన్ని, పక్కనున్న ఇళ్ల మీద, బడి మీద, బజారు మీద పడేవి కొన్ని. 2022 ఏప్రిల్ 8న ఉక్రెయిన్‌లోని క్రమతోర్స్క్ రైల్వే స్టేషన్‌లో, ఊరు విడిచి వెళ్లడానికి రైలు కోసం నిలబడిన జనం మీద ఇటువంటి క్షిపణి పడి యాభై మందికి పైగా చనిపోయారు. వారిలో పసిపిల్లలు కూడా ఉన్నారు.

ఇది ఆ రోజున జరిగే హాని. రెండవ హాని ఇంకా పెద్దది. చెదిరిన చిన్న బాంబులన్నీ పేలవు. కొన్ని బురదలో కూరుకుపోతాయి, కొన్ని చెట్ల కొమ్మలకు చిక్కుకుంటాయి, కొన్ని గడ్డిలో దాక్కుంటాయి. పేలనంత మాత్రాన అవి చెడిపోయినట్లు కాదు. ఎవరైనా తాకేదాకా ఆగుతాయి, అంతే.

దీనికి అన్నిటికంటె పెద్ద ఉదాహరణ లావోస్. వియత్నాం పక్కనున్న చిన్న దేశం. మన రైతుల లాగే వరి పండించుకుని బ్రతికే జనం. 1964 నుంచి 1973 వరకు, తొమ్మిది సంవత్సరాల పాటు, అమెరికా విమానాలు ఆ దేశం మీద 5,80,000 సార్లు బాంబుదాడికి వెళ్లాయి. అలవాటు కొద్దీ నేను కాగితం మీద లెక్క వేశాను. తొమ్మిదేళ్లు, రాత్రింబవళ్లు, సగటున ఎనిమిది నిమిషాలకు ఒక దాడి. మొత్తం పడినవి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు. ఆనాడు ఆ దేశ జనాభా ముప్పై లక్షలైనా లేదు. ఇదంతా అమెరికా ప్రజలకు కూడా సరిగా తెలియనివ్వకుండా నడిపిన యుద్ధం.

అందులో క్లస్టర్ బాంబుల నుంచి చెదిరిన చిన్న బాంబులు 27 కోట్లకు పైనే. వాటిలో 30 శాతం దాకా, అంటే 8 కోట్ల దాకా, పేలకుండా నేలలో మిగిలిపోయాయని అంచనా. టెన్నిస్ బంతి అంత ఉండే ఈ గుండును అక్కడి జనం "బాంబీ" అంటారు. దాని పెంకు నిండా ఉక్కు గుళ్లు పొదిగి ఉంటాయి.

1964 నుంచి 2008 వరకు ఆ దేశంలో బాంబుల వల్ల, పేలకుండా మిగిలిన మందుగుండు వల్ల చనిపోయినవారు, గాయపడినవారు కలిసి 50,000 మందికి పైగా ఉన్నారు. అందులో సుమారు 20,000 మంది యుద్ధం అయిపోయిన తరువాత దెబ్బతిన్నవారే. ఎలా దెబ్బతిన్నారంటే, ఏ తప్పూ చేయకుండా. ఒకరు పొలంలో పార వేశారు. ఒకరు చలి కాచుకోవడానికి నెగడు వేశారు, దాని కింద మట్టిలో బాంబీ ఉంది. ఒకరు పాత ఇనుము అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయని ఏరడానికి వెళ్లారు. పిల్లలు బంతి అనుకుని చేతిలోకి తీసుకున్నారు. క్సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో బాంబుల అల్యూమినియం కరిగించి చెంచాలు పోసి అమ్ముకుని బ్రతికే గ్రామం కూడా ఉంది. ఇప్పుడు ప్రమాదాలు ఏడాదికి పదుల సంఖ్యకు తగ్గాయి గాని, ఆగలేదు. ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన అభివృద్ధి లక్ష్యాలు 17 అయితే, లావోస్ ప్రభుత్వం తనకోసం 18వ లక్ష్యం ఒకటి పెట్టుకుంది: పేలని బాంబుల బెడద లేని బ్రతుకు.

మిత్రులారా, మన ఆఫీసులలో ఫైలు ముగించేటప్పుడు ఏం రాసేవాళ్లమో మీకు గుర్తుండే ఉంటుంది. ఎల్.డిస్. అని రాస్తే ఏడాదికి చింపవచ్చు, డి.డిస్. అయితే పదేళ్లకు, ఆర్.డిస్. అయితే శాశ్వతంగా భద్రపరచాలి. లావోస్ మీద బాంబులు వేసినవారు 1973లో ఆ ఫైలుకు ఎల్.డిస్. కొట్టి పక్కన పెట్టారు. రైతు పొలంలో మాత్రం అది ఆర్.డిస్. అయి కూర్చుంది.

ఇక్కడే నా మనసును తొలిచిన విషయం చెబుతాను. ఏ విమానం ఏ రోజున ఎక్కడ ఏ రకం బాంబులు వదిలిందో వాయుసేన ఆనాడే నమోదు చేసుకుంది. రికార్డు లేక కాదు. వియత్నాం, లావోస్, కంబోడియాల మీద 1964 నుంచి 1975 వరకు జరిపిన బాంబుదాడుల సమగ్ర వివరాలను అమెరికా విడుదల చేసినది 2000వ సంవత్సరంలో, అధ్యక్షుడు క్లింటన్ వియత్నాం వెళ్లిన సందర్భంలో. అంటే యుద్ధం ముగిసిన 25 సంవత్సరాలకు. రికార్డు ఒక దేశపు బీరువాలో ఉంది, గుండు మరొక దేశపు పొలంలో ఉంది. ఈ మధ్య కాలంలో ఆ పొలాలలో పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకున్న తరం ఒకటి ఉంది. 2016లో అధ్యక్షుడు ఒబామా లావోస్ వెళ్లి, బాంబుల తొలగింపుకు మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. పదవిలో ఉండగా ఆ దేశంలో అడుగుపెట్టిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. సంతోషమే, కాని ఎంత ఆలస్యం!

ఇది పాత కాలపు సంగతి అనుకోకండి. 2006లో ఇజ్రాయెల్, హిజ్బుల్లాల మధ్య 34 రోజుల యుద్ధం జరిగింది. దక్షిణ లెబనాన్‌లో పడిన చిన్న బాంబులు 40 లక్షల దాకా ఉంటాయని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. అందులో 90 శాతం దాడులు చివరి 72 గంటలలో, కాల్పుల విరమణ ఖాయమవుతున్నదని తెలిసిన తరువాత జరిగాయని ఆ సంస్థ సహాయ కార్యక్రమాల అధిపతి యాన్ ఎగెలాండ్ బహిరంగంగా చెప్పారు. ఆలివ్, నిమ్మ, నారింజ తోటలలో, పొగాకు చేలలో బాంబులు. కాయలు పండి ఉన్నా కోతకు వెళ్లలేని స్థితి. ఎక్కడెక్కడ వేశారో పటాలు ఇవ్వండని అడుగుతూ వచ్చారు. అవి చేతికి వచ్చినది 2009 మే నెలలో. దాదాపు మూడేళ్లు! ఒక మ్యాపు నకలు ఇవ్వడానికి పట్టిన ఆ కాలంలో ఎందరో అమాయకులు కాళ్లు, చేతులు పోగొట్టుకున్నారు.

2001లో అఫ్గానిస్తాన్‌లో మరొక వింత జరిగింది. ఆకలితో ఉన్న జనం కోసం అమెరికా విమానాలు ఆహార పొట్లాలు జారవిడిచాయి. వాటి రంగు పసుపు. అదే సమయంలో వేసిన క్లస్టర్ బాంబులలోని చిన్న బాంబుల రంగూ పసుపే. చివరకు, పసుపుపచ్చనిది కనబడితే జాగ్రత్తగా చూసుకోండని రేడియోలో హెచ్చరికలు చేసి, పొట్లాల రంగు నీలానికి మారుస్తామని ప్రకటించారు. ఒక సెక్షన్ చేసే పని మరొక సెక్షన్‌కు తెలియకపోతే మన ఆఫీసులలో రెండు మెమోలు ఒకదానికొకటి అడ్డం తగిలేవి. అక్కడ అడ్డం తగిలినవి అన్నమూ బాంబూ.

ఇప్పుడు కొత్త బాంబులలో పేలనివి చాలా తక్కువని చెబుతున్నారు. 2023 జూలైలో అమెరికా ఉక్రెయిన్‌కు క్లస్టర్ షెల్లులు ఇస్తూ, వాటిలో పేలనివి 2.35 శాతానికి మించవని ప్రకటించింది. శాతాలను చూస్తే గుమాస్తా ఊరుకోలేడు కదా. 155 మిల్లీమీటర్ల షెల్లులలో ఒక రకంలో 72 చిన్న బాంబులు ఉంటాయి. అలాంటివి నూరు షెల్లులు పేలిస్తే 7,200. అందులో 2.35 శాతం అంటే 169. ఇది వారు చెప్పిన లెక్క ప్రకారమే, అదీ నూరు షెల్లులకే. పెద్ద యుద్ధంలో ఇలాంటివి వేలకొద్దీ పేలుస్తారు. కాగితం మీద శాతం చిన్నదిగానే కనబడుతుంది. పొలానికి వెళ్లే మనిషికి శాతంతో పనిలేదు, ఒక్కటి చాలు. 2022లో ప్రపంచం మొత్తం మీద ఈ ఆయుధాల వల్ల చనిపోయిన, గాయపడిన వారిలో నమోదైనవారు 1,172 మంది అని క్లస్టర్ మ్యునిషన్ మానిటర్ అనే వార్షిక నివేదిక చెప్పింది. అందులో 95 శాతం మామూలు పౌరులు. పేలకుండా మిగిలినవాటి వల్ల దెబ్బతిన్నవారిలో వయసు తెలిసినంతవరకు 71 శాతం పిల్లలు.

ప్రపంచం ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2008 మే నెలలో డబ్లిన్‌లో ఒక ఒప్పందం ఆమోదించారు. అదే ఏడాది డిసెంబరు 3న ఓస్లోలో సంతకాలు మొదలైనాయి. 2010 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ ఆయుధాలు వాడకూడదు, తయారు చేయకూడదు, దాచకూడదు, ఇతరులకు ఇవ్వకూడదు. తమ నేలను పదేళ్లలో శుభ్రం చేయాలి, దెబ్బతిన్నవారి వైద్యం, ఉపాధి చూడాలి. 110కి పైగా దేశాలు చేరాయి. చేరిన దేశాలు తమ నిల్వలలోని 17.9 కోట్ల చిన్న బాంబులను ధ్వంసం చేశాయి. 2023 డిసెంబరులో పెరూ తన చివరి నిల్వలు ధ్వంసం చేయడంతో ఆ పని పూర్తయింది. ఒప్పందాలు ఉత్త కాగితాలే అనేవారికి ఈ అంకె జవాబు చెబుతుంది.

కాని అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెల్, ఉక్రెయిన్, పాకిస్తాన్ చేరలేదు. మన భారతదేశమూ చేరలేదు. పైగా చేరిన లిథువేనియా రష్యా భయంతో 2025 మార్చిలో బయటకు వెళ్లింది. సైన్యంలో పనిచేసి వచ్చిన మన సభ్యులొకరు నాతో, "గురువుగారూ, బలమైన శత్రువు గుమ్మంలో నిలబడితే చేతిలో ఉన్నది వదులుకోమనడం తేలిక" అన్నారు. ఆ మాటను నేను తేలికగా తీసుకోను. తన నేలను కాపాడుకునేవాడి కష్టం ఇంట్లో కూర్చున్న నాకు తెలియదు. అయితే తన నేల మీదే వేసుకున్న బాంబును రేపు తన రైతే తొక్కుతాడు. ఈ సంగతి ఉక్రెయిన్‌కు తెలుసు. అందుకే ఆ దేశం షెల్లులు తీసుకునేటప్పుడు, ఊళ్లలో వాడబోమని, ఎక్కడ వాడినదీ ఖచ్చితంగా నమోదు చేస్తామని హామీ ఇచ్చింది.

ఈ నమోదు గురించి మరొక అంతర్జాతీయ పత్రం ఉంది. యుద్ధం మిగిల్చే పేలుడు పదార్థాల మీద 2003లో ఆమోదించిన ఐదవ ప్రోటోకాల్ అది. అందులో భారతదేశం ఉంది, అమెరికా కూడా ఉంది. వాడిన మందుగుండు వివరాలు నమోదు చేసి, భద్రపరచి, యుద్ధం ముగిసిన తరువాత ఆలస్యం చేయకుండా అందజేయాలని అందులో ఉంది. చదివి సంతోషించాను. కాని నమోదు చేసి భద్రపరచాలన్న ఆ షరతుకు ముందే ఒక మాట ఉంది: "వీలైనంతవరకు." జి.ఓ.లో ఆ మాట కనబడితే ఆ పని ఏ గతి పడుతుందో ఈ హాలులో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. ఈ ఆయుధాన్ని మానడమే సరైన మార్గం. ఎందుకంటే వేసినవాడి యుద్ధం ముగిసినా, తొక్కేవాడి యుద్ధం ముగియదు. అది మానేలోగా, వేసిన ప్రతి గుండుకూ చిరునామా రాయాలి, కాల్పులు ఆగిన మరునాడే ఆ చిరునామా పొలం గలవాడికి చేరాలి. ఇరవై ఐదేళ్లకూ మూడేళ్లకూ కాదు. ఇది సైనిక రహస్యం కాదు, మనిషి ప్రాణం.

మనం చేయగలిగినది ఏమిటని అడగవచ్చు. మన బకాయిల కోసం మనం పంపని విజ్ఞాపన లేదు, ఎక్కని మెట్టు లేదు. విజ్ఞాపన రాయడం మనకు చేతనైన విద్య. మన పార్లమెంటు సభ్యునికి ఈ సంఘం తరఫున ఒక పేజీ విజ్ఞాపన పంపుదామని ప్రతిపాదిస్తున్నాను. ఓస్లో ఒప్పందంలో చేరే విషయం భారత ప్రభుత్వం పరిశీలించాలని ఒకటి, ఆలోగా ఐదవ ప్రోటోకాల్‌లోని "వీలైనంతవరకు" అన్న మాటను "తప్పనిసరిగా" అని మార్పించడానికి మన దేశం చొరవ తీసుకోవాలని రెండవది. ముసాయిదా నేను రాసి తెచ్చాను. కార్యవర్గం వారు చూసి, దిద్ది, ఆమోదిస్తే సంతోషిస్తాను. ఆమోదించకపోతే వ్యక్తిగతంగానైనా పంపుతాను.