మూడు అరల పళ్లెం – ముందుగా ఒక పరీక్ష

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నడిగూడెంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తుకొస్తుంది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ నకారా కేసులో న్యాయస్థానం చెప్పింది. ప్రతి ఏడూ ఈ సభలో ఆ హక్కు గురించే మాట్లాడుకుంటున్నాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "హక్కుగా వచ్చిన డబ్బును నిలబెట్టుకోవడం గురించి మీ అనుభవం ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాడిని కాను. రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి, ఎక్కువ కాలం సివిల్ సప్లయిస్ సెక్షను చూసి రిటైరైనవాడిని. రిజిస్టరు రాయడం, బిల్లు వెనుక వోచరు ఉందో లేదో చూడడం, ఇంతే నాకు తెలిసిన విద్య. డెబ్బై దాటిన తరువాత ఆ విద్య మా ఇంట్లోనే ఎట్లా అక్కరకొచ్చిందో మనవి చేస్తాను.

మా మనవరాలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. ఒక పండుగకు ఇంటికి వచ్చి, భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, "తాతయ్యా, ఒక వ్యాపారం అనుకుంటున్నాను" అన్నది. మూడు అరలున్న స్టీలు పళ్లెం. సగం అర కూరగాయలకు, పావు అన్నానికి, పావు పప్పుకు. ఎవరికి ఎంత తినాలో పళ్లెమే చెబుతుంది. దానికి ఒక పేరు పెట్టి, ఫోటోలు తీయించి, ఆన్‌లైనులో అమ్ముతుంది. నాకు పద్నాలుగేళ్లుగా షుగరు. మా అన్నగారికి షుగరు వల్లనే కాలి వేళ్లు తీసేశారు. అందుచేత ఆ ఆలోచన వినగానే నా మనసుకు పట్టింది.

తరువాత లెక్క చెప్పింది. ఫ్యాక్టరీవాళ్లు 500 పళ్లేలకు తక్కువైతే చెయ్యరట. ఒక్కొక్కటి 310 రూపాయల చొప్పున 1,55,000. అట్టపెట్టెలకు 15,000. ఫోటోలకు, ప్రకటనలకు 50,000. వెరసి 2,20,000. ఆ మొత్తం సీనియర్ సిటిజన్స్ స్కీములో నేను వేసుకున్న డిపాజిట్టు లోంచి కావాలి. నేను వేసినప్పటి వడ్డీ 8.2 శాతం. అంటే ఏడాదికి 18,040 రూపాయలు. మా ఇద్దరి మందుల ఖర్చు దాంట్లోంచే వెళుతున్నది. గడువుకు ముందు తీస్తే అసలులో కోత కూడా పడుతుంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, పిల్ల అడిగింది కదా, ఇచ్చెయ్యండి" అన్నది. ఇవ్వనంటే మనవరాలి మనసు నొచ్చుకుంటుంది. ఇస్తే మందుల డబ్బు పోతుంది. ఇటువంటి సంకటం ఈ సభలో చాలామందికి అనుభవమే అనుకుంటాను.

పిల్ల ఉత్తి మాటలు చెప్పలేదు, కాగితాలు తెచ్చింది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైగానే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కెలోరీల ఆహారానికి ఒక నమూనా పళ్లెం ఉన్నది. వండకముందు తూకంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు గాని గుడ్లు, మాంసం గాని 85 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాలు 250 గ్రాములంటే పొద్దుటి ఇడ్లీతో సహా రోజంతటికీ అని గమనించాలి. మనం అన్నం కొండలా పెట్టుకుని, కూర వేలి కొసతో అద్దుకుని తిన్నవాళ్లం. మనకు తల్లకిందుల లెక్క అది.

కెనడాలోని కాల్గరీలో గీతలు గీసిన పళ్లెం ఇచ్చి 130 మంది షుగరు రోగుల మీద 6 నెలలు పరీక్ష చేశారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 5 శాతమో ఆ పైనో బరువు తగ్గినవారు పళ్లెం వాడినవారిలో సుమారు 17 శాతం, వాడనివారిలో 5 శాతం లోపు. అంటే పళ్లెం కొంతమందికి నిజంగానే పనిచేస్తుంది. అయితే నూటికి ఎనభై మందికి పైగా అంత బరువు తగ్గలేదని కూడా అదే కాగితం చెబుతున్నది. ఇంకొక సంగతి. పళ్లెం చిన్నదైతే తిండి దానంతటదే తగ్గుతుందని ప్రచారం చేసిన అమెరికా ఆచార్యుడు బ్రయాన్ వాన్‌సింక్ పరిశోధనా పత్రాలు కొన్ని తప్పులతడకలని తేలి, 2018లో పత్రికలు వాటిని ఉపసంహరించుకున్నాయి. ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయం విడిచి వెళ్లవలసి వచ్చింది. అచ్చులో చూసిందల్లా వోచరు కాదని గుమస్తాకు వేరే చెప్పాలా?

అప్పుడు మనవరాలితో ఇట్లా అన్నాను. "అమ్మా, మన ఊరి కోటలో ఒకప్పుడు పింగళి వెంకయ్య గారు ఉన్నారు. జెండా వెంకయ్య గారని లోకానికి తెలుసు. అంతకు ముందు ఆయన ఇక్కడ పత్తి మీద పరిశోధనలు చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. ఏ విత్తనమైనా ముందు మడిలో వేసి చూసి, తరువాతే చేలో వెయ్యాలి. నువ్వు ఒకేసారి ఐదు వందల పళ్లేల చేను వేస్తానంటున్నావు. ముందు మడి వేద్దాం." పిల్ల ముఖం చిన్నబోయింది గాని, కాదనలేదు.

కోదాడలో స్టీలు సామాను కొట్టుకు వెళ్లి మూడు అరల పళ్లేలు 12 తెచ్చాను. ఒక్కొక్కటి 260 చొప్పున 3,120 రూపాయలు. పన్నెండు పెన్షనరు ఇళ్లలో ఇచ్చి, నెల రోజులు వాడి ప్రతి పూటా ఒక టిక్కు పెట్టమని కాగితం ఇచ్చాను. నెల నిండాక రిజిస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. "ఎట్లా ఉంది?" అంటే పన్నెండు ఇళ్లలోనూ "చాలా బాగుందండీ" అన్నారు. కాగితాలు చూస్తే కథ వేరుగా ఉన్నది. కడదాకా వాడినవి 5 ఇళ్లు. పది రోజుల లోపే మానేసినవి 4. పళ్లెం అటక దిగనివి 3. అందులో ఒకచోట దాంట్లో కూరగాయలు తరుగుతున్నారు.

కారణాలు అడిగాను. మనవాళ్లు తినే తీరుకు ఆ పళ్లెం కుదరలేదు. మనం ముందు పప్పు కలుపుకుంటాం, తరువాత కూర, ఆపైన పులుసో చారో, చివరకు మజ్జిగ. ప్రతిసారీ కొంత అన్నం మారు పెట్టుకుంటాం. పావు అరలో చారన్నం కలిపితే అది గట్టు దాటి కూరలోకి పోతున్నది. అరలో పట్టినంతే పెట్టుకున్నా నాలుగు మార్లు పెట్టుకుంటే కొలత ఎక్కడున్నట్లు? ఒకాయన, "హాస్టల్లో పిల్లల పళ్లెంలా ఉందండీ, ఆసుపత్రి కూడు తిన్నట్లుంది" అన్నారు.

వీటన్నిటికంటే పెద్ద కారణం మా బాల్యమిత్రుడి ఇంట్లో తెలిసింది. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు, భార్య పోయి నాలుగేళ్లయింది, కొడుకు కోడలి దగ్గర ఉంటున్నారు. పళ్లెం నేను కోడలి చేతికి ఇచ్చి వచ్చాను. అది నా పొరపాటు. ఆ రాత్రి ఆ అమ్మాయి దాంట్లో వడ్డించింది. ఆయన పళ్లెం వంక చూసి, మాట్లాడకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మరునాడు కూడా ఒక పూట తినలేదు. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటూ, "నేను ఒక్క మెతుకు కూడా తగ్గించలేదు మామయ్య గారూ, మీరిచ్చారని పెట్టాను" అన్నది. మిత్రుడు నాతో, "ఒరేయ్, నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఈ వయసులో నా అన్నానికే లెక్క కట్టించావు కదరా" అన్నాడు.

నేను తల వంచుకుని క్షమాపణ చెప్పుకున్నాను. మన ఇళ్లలో అన్నం కొలిచి పెట్టడం కంటే అవమానం లేదు. పెన్షను ఉన్నా ఒకరి చేతి అన్నం తినే వయసు మనది. అటువంటి మనిషి ముందు గీతలున్న పళ్లెం పెడితే అది వైద్యంలా కాదు, రేషనులా కనిపిస్తుంది. సివిల్ సప్లయిస్‌లో అన్నేళ్లు పనిచేసిన నాకు ఈ మాట తట్టకపోవడం సిగ్గుచేటు.

వారం తరువాత ఒక పని చేశాను. మా అమ్మ నాటి గిద్దె ఒకటి ఇంట్లో ఉన్నది. మా ఇంటి గిద్దెలో బియ్యం పోసి కిరాణా కొట్టులో తూస్తే సుమారు 55 గ్రాములు. దాన్ని ఈసారి మిత్రుడి చేతికే ఇచ్చి, "నీ బియ్యం నువ్వే కొలిచి కుక్కర్లో పోసుకో, పూటకు ఎన్ని గిద్దెలో డాక్టరు గారినడిగి నువ్వే తేల్చుకో" అన్నాను. కొలత ఆయన చేతిలోకి వచ్చేసరికి కోపం పోయింది. ఇప్పుడు పొద్దున్నే బియ్యం డబ్బా దగ్గరికి ఆయనే ముందు వస్తున్నారని కోడలు నవ్వుతూ చెప్పింది. పాత పళ్లెంలోనే తింటున్నారు. మన పెద్దలకు గిద్దె, సోల, తవ్వ ఊరికే లేవు. వాళ్లు పళ్లెంలో కొలవలేదు, బియ్యం దగ్గరే కొలిచారు.

ఇక రెండో పరీక్ష మనవరాలు చేసింది. "బాగుంది అన్నవారు కాదు, ముందుగా డబ్బు కట్టినవారే ఖాతాదారులు" అని నేనన్న మాట పట్టుకుని, పళ్లెం ఫోటో, 599 రూపాయల ధర పెట్టి, సరుకు తరువాత వస్తుందని స్పష్టంగా రాసి, పది రోజులు 3,000 రూపాయల ప్రకటనలు ఇచ్చింది. 41 మంది వాకబు చేశారు. డబ్బు కట్టినవారు ముగ్గురు. అంటే ఒక్కొక్క గిరాకీకి ప్రకటన ఖర్చే 1,000. పళ్లెం 310, పెట్టె 30, కొరియరు 80 కలిపితే 1,420. అమ్మేది 599కి. పళ్లేనికి 821 నష్టం. "పోనుపోను ప్రకటన ఖర్చు తగ్గుతుంది తాతయ్యా" అన్నది. "సగానికి తగ్గినా 321 నష్టమే. 179కి లోపు వస్తే గాని గట్టెక్కవు" అని కాగితం మీద చూపించాను. పిల్ల చాలాసేపు ఆ కాగితం చూసింది. ముగ్గురికీ డబ్బు వాపసు పంపింది. వారం రోజులు నాకు ఫోను చెయ్యలేదు.

ఎనిమిదో రోజు ఫోను చేసి, "తాతయ్యా, ఆ గిద్దె సంగతి చెప్పు" అన్నది. కోదాడ కొట్టులో చిన్న స్టీలు గిన్నెలు 40, ఒక్కొక్కటి 70 చొప్పున 2,800కు కొన్నాం. ఎన్ని గ్రాముల బియ్యం పడుతుందో తెలుగులో ఒక కాగితం అచ్చు వేయించి జత చేశాం. 110 చొప్పున 26 అమ్ముడుపోయాయి. 2,860 వచ్చింది. గిన్నెల ఖరీదు పోను 60 రూపాయలు మిగులు, 14 గిన్నెలు నిల్వ. కాగితం అచ్చు ఖర్చు నేను భరించానని ఆడిట్ కోసం చెబుతున్నాను. ఇది పెద్ద వ్యాపారమేమీ కాదు. ఆ అమ్మాయి ఉద్యోగం మానలేదు, నా డిపాజిట్టు కదలలేదు. రెండు లక్షల ఇరవై వేల పాఠం ఆరు వేల నూట ఇరవై రూపాయల్లో నేర్చుకున్నాం.

మీ పిల్లలు కూడా ఆన్‌లైను వ్యాపారమని వస్తే కొన్ని నిబంధనలు చెప్పండి. ఆన్‌లైను అంగళ్లలో అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషను కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారులు సొంత రాష్ట్రం లోపల అమ్ముకుంటే ఎన్‌రోల్‌మెంటు నంబరుతో సరిపోయేట్లు వెసులుబాటు ఇచ్చారు. కోదాడ దాటి జగ్గయ్యపేటకు పంపినా అది పొరుగు రాష్ట్రమే, ఆ వెసులుబాటు వర్తించదు. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అని కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. సరుకు చేయించే ముందు అది విచారించుకోవాలి. కొలపాత్ర అని పేరు పెట్టి అమ్మితే తూనికలు కొలతల శాఖవారిని అడగాలి. అందుకే మేము దాన్ని గిద్దె అనలేదు, బియ్యం గిన్నె అన్నాం.

ఆరోగ్యం మాట కూడా ఒకటి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉన్నపళంగా అన్నం తగ్గిస్తే షుగరు పడిపోయి ప్రమాదం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు లెక్క వేరు. డాక్టరు గారిని అడగకుండా ఏ పళ్లాన్నీ, ఏ గిద్దెనూ నమ్మవద్దు, నా మాట కూడా నమ్మవద్దు.

సోదరులారా, పిల్లలు అడిగితే వెంటనే లేదనకండి, వెంటనే ఇవ్వకండి. "ముందు మడి వేద్దాం, ఖర్చు నేను పెడతాను" అనండి. ఆ చిన్న ఖర్చుకు వెనుకాడకండి. పరీక్ష పెట్టినందుకు మనవరాలు నన్ను పిసినారి అనుకుంటుందేమోనని భయపడ్డాను. మొన్న వచ్చినప్పుడు తను కొత్త నోటు పుస్తకంలో మూడు నిలువు గీతలు గీసి పట్టుకొచ్చింది. తేదీ, వివరం, మొత్తం. పైన ఏదో కొత్త ఆలోచన పేరు రాసి ఉంది. "ఇది ఎంతలో పరీక్షించవచ్చు తాతయ్యా?" అని అడిగింది.

ఆ పేరేమిటో ఇప్పుడే చెప్పవద్దన్నది కాబట్టి ఇక్కడితో ముగిస్తాను. పద్నాలుగు గిన్నెలు నా సంచిలో ఉన్నాయి, కావలసినవారు భోజనాలయ్యాక కలవగలరు.